మా ఊళ్లో చరిత్రేముంది టీచర్?

ఏటా జూన్‌లో సోషల్ క్లాసు మొదలుపెట్టగానే వినిపించే మాట ఇది. పేరెంట్స్ మీటింగ్‌లో పెద్దవాళ్లూ ఇదే అంటారు. చరిత్రంటే ఓరుగల్లు కోట, గోల్కొండ, అంతేనట. పిల్లలకు దొరికే పాఠాన్ని దొరక్కుండా చేస్తున్న అపోహల్లో అన్నిటికన్నా చెడ్డది ఇదే.

రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందో మనకు చెప్పింది కోట కాదు, పల్లె. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరున్న చందుపట్లలో ఒక శాసనం దొరికింది. పువ్వుల ముమ్మడి అనే అతను వేయించాడు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారు, వాళ్లకు పుణ్యం దక్కాలని భూమి దానం చేశాడు. దాని మీద శక సంవత్సరం 1211 అని ఉంది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే 78 కలపండర్రా అంటాను. 1289 అని క్లాసంతా అరుస్తుంది. ఆ రాయి బయటపడేదాకా ఆమె ఇంకొన్నేళ్లు ఏలిందనే అనుకున్నారు. ఎవరో దాన్ని గోడలో పెట్టేసి ఉంటే మనం ఇప్పటికీ అదే తప్పు చదువుకుంటూ ఉండేవాళ్లం.

అలా పెట్టేస్తున్నారు కూడా. కింద నిధి ఉందన్న పుకారుతో పగలగొడుతున్నారు. అమ్మా, అయ్యా, దయచేసి వినండి. దానశాసనంలో ఉండేది గుడికో చెరువుకో ఇచ్చిన మడి లెక్క. నిధికి దారి కాదు.

నేను ఇంతకుముందు పనిచేసిన ఊళ్లో చెరువు కట్ట మీద సగం పూడిన రాయి ఉండేది. "మా తాత దాని మీద కొడవలి నూరేటోడు టీచర్" అన్నాడు ఒక పిల్లాడు. చీకటి పడే వేళకి పది మందిమి వెళ్లాం. టార్చి ఎదురుగా వేస్తే ఏమీ కనిపించలేదు. పక్క నుంచి, రాయికి ఆనించినట్టు వేయగానే గీతలు లేచాయి. ముందు పైన సూర్యుడు, చంద్రవంక. ఆ తర్వాత వరసగా అక్షరాలు. పిల్లలు గుసగుసలు కూడా మానేశారు. ఫొటోలు పంపితే, చదవడం వచ్చిన ఒక పెద్దాయన చెప్పారు: భూదానం, చివర్లో శాపం. ఈ భూమి లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని. చాలా శాసనాల్లో ఉండే శ్లోకమే అది. మర్నాడు మా పిల్లలు స్కూల్లో వేపచెట్టుకి సొంతంగా శాసనం రాశారు, శాపంతో సహా. దానం, దాత, సాక్షి, తేదీ అన్నీ ఉన్నాయందులో. నేను ఒక్క ముక్క డిక్టేట్ చేయలేదు.

ఒక్క జాగ్రత్త. అక్షరాలు కనపడాలని సుద్ద, పసుపు, పెయింట్ రుద్దొద్దు. రాయి పాడవుతుంది. టార్చి చాలు.

ఇలా తిరిగితే సిలబస్ అవ్వదని, మార్కులు పోతాయని అడిగే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. మా అమ్మాయి పదో తరగతప్పుడు నేనూ టెన్షన్‌తో నిద్రపోలేదు. కానీ కట్ట మీద నిలబడి తూము ఇది, అలుగు ఇది అని ఒకసారి చూసిన పిల్లకి కాకతీయుల చెరువుల పాఠం మళ్లీ బట్టీ పట్టించే పనుండదు. పాఠానికి ఒక్క పీరియడ్ చాలు. బజార్లో చార్టు కొని అతికిస్తే ప్రాజెక్టు అయిపోయిందనుకోవడం మాత్రం మానండి.

ముసలివాళ్లు చెప్పేదంతా కట్టుకథ అనడం ఒక తప్పు, అంతా నిజం అనడం ఇంకో తప్పు. పాలంపేటలోని రామప్ప గుడి శాసనంలో కట్టించినవాడి పేరు రేచర్ల రుద్రుడు, ఏడాది 1213. రామప్ప శిల్పి పేరన్నది జనం నోట నిలిచిన మాట. రెండూ రాసుకోమంటాను, వేరు వేరు పేజీల్లో, ఎవరు చెప్పారో పక్కన వేసి.

మొన్న ఏడో తరగతి పాప ఒకతి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. వాళ్ల బావి దగ్గర బట్టలుతికే బండ అడుగున చంద్రవంక ఉందట. వాళ్ల నాయనమ్మ బండ తిప్పడానికి ఒప్పుకుందట. శనివారం సాయంత్రం వెళ్తున్నాం.