మూతి లాగిన పక్క జబ్బు లేదు

పొద్దున్నే పళ్లు తోముకుని నీళ్లు పుక్కిలిస్తే ఒక మూల నుంచి కారిపోతాయి. అద్దంలో చూసుకుంటే మూతి ఒక పక్కకు లాగి ఉంటుంది, ఒక కన్ను మూతపడదు. 'ప, బ, మ' పలకబోతే గాలి జారిపోతుంది. ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: పక్షవాతం. ఆ భయం అర్థం లేనిదని అనలేం. కానీ ముఖం ఒక్కటే ఇలా హఠాత్తుగా పడిపోయినప్పుడు చాలాసార్లు మెదడుకు ఏమీ కాదు. చెవి దగ్గరి ఎముకలో ఒక నాడి వాచి ఇరుక్కుపోతుంది, అంతే. వైద్యులు దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. ఏటా లక్ష మందిలో సుమారు 20 నుంచి 30 మందికి వస్తుంది కాబట్టి మరీ అరుదేమీ కాదు.

మూతి ఎటు లాగితే జబ్బు అటే అనుకుంటారు చాలామంది. నిజానికి లాగుతున్నది ఆరోగ్యంగా ఉన్న పక్క. తాడు లాగుడు పోటీలో ఒక జట్టు చేతులు వదిలేస్తే తాడు రెండో జట్టు వైపు పోయినట్టే ఇదీ.

ఇక చూడాల్సింది నుదురు. కనుబొమలు పైకెత్తమంటే రెండు వైపులా ముడతలు పడుతున్నాయా? నుదుటి కండరాలకు మెదడులోని రెండు అర్ధగోళాల నుంచీ ఆదేశాలు అందుతాయి. ఒక పొలానికి రెండు కాలువల నీరు వస్తోందనుకోండి. ఒకటి తెగినా రెండోది ఆదుకుంటుంది. అందుకే మెదడులో ఒక పక్క దెబ్బతిన్నప్పుడు మూతి వంకరపోయినా నుదురు సాధారణంగా కదులుతూనే ఉంటుంది. ఆ రెండు కాలువలూ కలిసి పొలంలోకి వచ్చే చివరి బోదె పూడిపోతే మాత్రం చుక్క నీరు రాదు. బెల్స్ పాల్సీలో జరిగేది ఇదే. నుదురుతో సహా సగం ముఖం చచ్చుబడుతుంది. చూడటానికి ఎక్కువ భయపెట్టే ముఖమే తక్కువ ప్రమాదకరం కావడం విచిత్రమే. అలాగని ఇంట్లోనే తీర్పు చెప్పుకోకూడదు. మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలో వచ్చే కొన్ని దెబ్బలు నుదుటినీ వదలవు. చెయ్యో కాలో బలహీనపడినా, మాట తడబడినా, నడక తూలినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వాచి ఇరుక్కుపోయే ఆ నాడి పేరు ముఖ నాడి. మెదడు నుంచి నేరుగా బయలుదేరే కపాల నాడుల్లో ఇది ఏడవది. మెదడు కాండం నుంచి బయలుదేరి చెవి ఎముకలోకి దూరి, దాదాపు 3 సెంటీమీటర్లు సొరంగంలోనే ప్రయాణిస్తుంది. ఈ సొరంగానికి 16వ శతాబ్దపు ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫాలోపియో పేరు పెట్టారు. ఫాలోపియన్ నాళాలకు పేరిచ్చినదీ ఈయనే. అందులో అతి ఇరుకైన చోటు వెడల్పు మిల్లీమీటరు కూడా ఉండదు. నాడి వాస్తే ఎముక జరగదు. రక్తప్రసరణ నలిగిపోయి వాపు ఇంకా పెరుగుతుంది. దారిలోనే కన్నీటి గ్రంథికీ, పెద్ద శబ్దాల తాకిడిని తగ్గించే చెవిలోని చిన్న కండరానికీ, నాలుక ముందు భాగపు రుచికీ శాఖలు విడిపోతాయి. కొందరికి గిన్నె కిందపడిన చప్పుడు కూడా భరించలేనంతగా వినిపించడానికీ, కూరలో ఉప్పు తెలియకపోవడానికీ కారణం ఇదే. చెవి వెనుక నొప్పి ఒకటి రెండు రోజుల ముందే మొదలవ్వచ్చు. చెంప మొద్దుబారిందని రోగి అంటాడు గానీ గిల్లితే తెలుస్తుంది. ముఖంలో స్పర్శ చూసేది వేరే నాడి, ఐదవది.

ఎందుకు వాస్తుందన్నది పూర్తిగా తేలలేదు. పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ మీద అనుమానం బలంగా ఉంది. 1996లో జపాన్ వైద్యులు శస్త్రచికిత్స చేయించుకున్న 14 మంది రోగుల్లో 11 మంది నాడి ద్రవంలో దాని జన్యుపదార్థాన్ని పట్టుకున్నారు. నెలలు నిండుతున్న గర్భిణులకూ మధుమేహం ఉన్నవారికీ ముప్పు ఎక్కువ. బస్సు కిటికీ గాలి మీద వేసే నిందకు మాత్రం గట్టి ఆధారం లేదు.

చార్లెస్ బెల్ ఎడిన్‌బరోలో చదువుకున్న శస్త్రవైద్యుడు, చేయి తిరిగిన చిత్రకారుడు. వాటర్లూ యుద్ధంలో గాయపడినవారికి చికిత్స చేసి వాళ్ల బొమ్మలూ గీశాడు. 1821లో ముఖ నాడి పనిని వివరించాడు. అంతకు దాదాపు వెయ్యేళ్ల ముందే పర్షియా వైద్యుడు అల్ రాజీ ఈ జబ్బును వర్ణించాడు. మన ఆయుర్వేదంలో దీని పేరు అర్దితం. అయినా పేరు బెల్‌కే దక్కింది.

డెన్మార్క్ వైద్యుడు పైటర్సన్ మందులేవీ ఇవ్వకుండా పాతికేళ్ల పాటు 1,700 మందికి పైగా రోగులను గమనించాడు. 71 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. 85 శాతం మందిలో మూడు వారాల్లోపే కదలిక మొదలైంది. అంటే పసరు పోసినా, తాయెత్తు కట్టినా, ఊరికే కూర్చున్నా పదిమందిలో ఏడుగురికి నయమవుతుంది. పసరు పోసినవాడి పేరు ఊళ్లో మారుమోగుతుంది. కాకతాళీయం అంటే ఇదే. కాకి వాలింది, తాటిపండు రాలింది.

ఆ మిగిలిన ముగ్గురి సంగతే అసలు సమస్య. 2007లో వెలువడిన స్కాట్లండ్ పరిశోధనలో 551 మందికి 72 గంటల్లోపు చికిత్స మొదలుపెట్టారు. తొమ్మిది నెలల తర్వాత ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడినవారిలో 94 శాతం, వాడనివారిలో 82 శాతం పూర్తిగా కోలుకున్నారు. పసరు కోసం తిరిగే మొదటి మూడు రోజులే ఆ స్టెరాయిడ్ బాగా పనిచేసే రోజులన్నది నా బాధ. మధుమేహం ఉన్నవారికి స్టెరాయిడ్ చక్కెర పెంచుతుంది కనుక సొంతంగా కొని మింగే మందు కాదది.

కన్నును మాత్రం ఎవరూ పట్టించుకోరు. మూతపడని కన్ను ఆరిపోయి నల్లగుడ్డు మీది పారదర్శక పొర పుండు పడుతుంది. ముఖం బాగయ్యాక కూడా చూపు పోయి ఉండవచ్చు. పగలు చుక్కలు, రాత్రి లేపనం, నిద్రలో రెప్పను టేపుతో మూసి ఉంచడం, ఇంతే చేయాల్సింది. చెవిలో పొక్కులు కూడా ఉంటే అది రామ్సే హంట్ జబ్బు. ఆటలమ్మ వైరస్ పని. 2022లో గాయకుడు జస్టిన్ బీబర్ ముఖం సగం పడిపోయింది దీనితోనే. దీనికి వైరస్ మందు కూడా కావాలి, కోలుకోవడమూ కష్టమే.

బాగా దెబ్బతిన్న నాడి రోజుకు సుమారు మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతుంది, అదీ ఒక్కోసారి దారి తప్పి. కంటికి వెళ్లాల్సిన పోగు పెదవికి చేరితే రెప్ప వేసినప్పుడల్లా మూతి కదులుతుంది. లాలాజలం కోసం బయలుదేరిన పోగు కన్నీటి గ్రంథిని చేరితే, అన్నం ముందు కూర్చున్న మనిషికి ఒక కంటి నుంచి నీరు కారుతుంది. వైద్యులు దీనికి పెట్టిన పేరు మొసలి కన్నీరు. దుఃఖమేమీ ఉండదు. ఆవకాయ వాసనకు నోరూరాల్సిన చోట కన్ను ఊరుతుంది.