పాత తుపాకి కర్రకు ఉప్పు కాగితం తగిలించకండి: కొన్ని అపోహలు - వాస్తవాలు

మాది నరసాపురం దగ్గర పల్లె. ద్వారబంధాలు, పందిరి పట్టెమంచాలు, బోషాణాలు బాగుచేయడం మా ఇంటి పని. తుపాకి కర్రల (తుపాకికి ఉండే చెక్క భాగాల) పని మాత్రం రాజమండ్రిలో లైసెన్సున్న ఓ మేస్త్రిగారి దగ్గర నేర్చుకున్నాను. ఇనుం జోలికి నేను పోను. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి బాగుచేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. అందుకే తుపాకి దుకాణానికి వెళ్తుంది, అక్కడ విప్పాక కర్ర ఒక్కటే నా బల్ల మీదకి వస్తుంది. భుజానికి ఆనే చివరను మడమ అనీ, చెయ్యి పట్టే సన్నటి చోటును మెడ అనీ అంటాను. ఇక్కడా అవే మాటలు వాడుతున్నాను.

అపోహ: తాతల నాటి తుపాకి, దాన్లో ఇంకా ఏముంటుంది లెండి

ఉంటుంది. మూతిలోంచి మందు కూరే తుపాకుల్లో మరీను. తడి తగలకపోతే నల్ల తుపాకి మందు వందేళ్ళయినా చావదు. మేస్త్రిగారి దగ్గర చేరిన కొత్తలో, మావైపు నుంచే ఓ పెద్ద కుటుంబం వాళ్ళు గోడకు తగిలించే తుపాకి తెచ్చారు. ఆయన ఏమీ మాట్లాడకుండా సన్నటి కర్రపుల్ల గొట్టంలోకి అడుగుదాకా దింపి, మూతి దగ్గర బొటనవేలి గోరుతో పట్టుకున్నారు. పైకి తీసి గొట్టం పక్కనే పెట్టి చూపించారు. పుల్ల చివర గొట్టం అడుగుకు బెత్తెడు ముందే ఆగిపోయింది. ఆ బెత్తెడులోనూ ఉన్నది మందూ, గుండూ. ప్రతి దసరాకీ ఆ ఇంటి పిల్లలు ఆ తుపాకి పట్టుకుని ఫొటోలు దిగేవారట. తెచ్చినాయన అరుగు మీద చతికిలబడి మంచినీళ్ళు అడిగారు.

అపోహ: పాతది కాబట్టి లైసెన్సు అక్కర్లేదు

పాతదైతే చాలదు. బాగుచేసినా చేయకపోయినా ఇక పేలే అవకాశమే లేని పురాతన ఆయుధానికే చట్టం 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. మీ తుపాకి ఆ లెక్కలోకి వస్తుందో రాదో తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు. కర్ర సంగతి ఆ తర్వాత.

అపోహ: ఇది అల్లూరి కాలం నాటిది

నా దగ్గరకొచ్చే తుపాకుల్లో సగం అల్లూరి సీతారామరాజుగారి కాలానివే! 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా మూడు రోజులు దాడులు జరిగాయి. అక్కడ ఎత్తుకెళ్ళిన ఆయుధాలన్నీ డెల్టాలోకే దిగివచ్చాయేమో అనిపిస్తుంది వీళ్ళ మాటలు వింటే. తుపాకి వయసు ఇంటి కథలో కాదు, దాని మీది ముద్రల్లో ఉంటుంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డు (బ్రిటిష్ సైన్యపు తుపాకి) అయితే మడమ పక్కన గుండ్రటి ముద్ర చెక్కలోకి నొక్కి ఉంటుంది. అది చెరిగిందంటే సాక్ష్యం పోయినట్టే. చెరిపేది కాలం కాదండీ, మనమే. ఎలాగంటారా?

అపోహ: ఉప్పు కాగితంతో బాగా రుద్దితే కొత్తదానిలా వస్తుంది

అవును, కొత్తదానిలానే వస్తుంది. అదే దాని చావు. ముద్ర పోతుంది. అంచులు సబ్బుబిళ్ళలా గుండ్రబడతాయి. జారకుండా మెడ మీద గీసిన డైమండు గీతలు చదునవుతాయి. ఇంకోటుంది. చాలా పాత తుపాకుల్లో కర్రను ఇనుం కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంచేవారు. ఆ సందు మీద వేలితో రాస్తే మెట్టు తెలుస్తుంది. రుద్దాక కర్ర దిగి ఇనుం పైకి తేలుతుంది. తీసేసిన చెక్కను బ్రహ్మదేవుడు కూడా తిరిగి పెట్టలేడు.

నేను చేసేది మురికి తీయడమే. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డ, నాలుగు సున్నాల (అంటే బాగా సన్నటి) ఇనుప పీచు, ఓపిక. నల్లటి జిడ్డు ముద్దలా ఊడి వస్తుంది. దాని కింద తేనెరంగు చెక్క కనిపించగానే ఆపేస్తాను. నొక్కు పడిన చోట తడి పంచెముక్క వేసి ఇస్త్రీపెట్టె మొన ఆనిస్తే బుస్సుమని ఆవిరి లేచి, నలిగిన పీచు ఉబ్బి పైకి వస్తుంది. రెండు మూడుసార్లు చేస్తే సగం నొక్కులు మాయమవుతాయి. పీచు తెగిన చోట మాత్రం ఆవిరి పనిచేయదు. ఆ గాటు అలాగే ఉండనివ్వండి.

అపోహ: మన తోట కొబ్బరి నూనె కంటే మంచిదేముంది

కోనసీమ వాళ్ళకి ఈ మాట చెబితే కోపం వస్తుంది. ఓ రాజుగారైతే, “మేస్త్రీ, మా నాన్నగారు నలభై ఏళ్ళు కొబ్బరి నూనే రాశారు, ఆయ్!” అన్నారు. “అందుకేనండి ఇలా ఉంది” అన్నాను. ఆయన నవ్వారు కాబట్టి బతికిపోయాను.

కొబ్బరి నూనె ఎన్నాళ్ళున్నా ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడి పొరగా మారుతుంది. చదువుకున్నవాళ్ళు దీన్ని అయోడిన్ విలువతో కొలుస్తారు, అది ఎంత ఎక్కువైతే నూనె అంత బాగా ఆరుతుంది. అవిసె నూనెకి అది 170 నుంచి 200 దాకా ఉంటుంది, కొబ్బరి నూనెకి పది అటూ ఇటూ. ఆముదమూ ఆరదు. ఆరని నూనె దుమ్ము పట్టుకుంటుంది, కంపు కొడుతుంది, చెక్కలోకి దిగి పీచును మెత్తబరుస్తుంది.

బ్రిటిష్ సైన్యం రైఫిళ్ళకు పట్టించింది అవిసె నూనే. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని, చెయ్యి వేడెక్కేదాకా రుద్ది, అరగంటలో మిగులంతా తుడిచేయాలి. తర్వాత ఆగాలి. పచ్చి నూనెకి రోజులు పడుతుంది. మనకి ముసురు పట్టినప్పుడైతే వారమైనా వేలికి అంటుతూనే ఉంటుంది. ఆరకముందే రెండో పూత వేస్తే బంకే మిగులుతుంది. అవిసె నూనె నీటిని పూర్తిగా ఆపుతుందన్నదీ అపోహే. మన గాలికి ఏడాదికోసారైనా చూసుకోవాలి.

ఆ తుడిచిన గుడ్డల సంగతి తప్పకుండా గుర్తుపెట్టుకోండి. ఉండ చుట్టి మూల పడేస్తే నూనె ఆరుతూ పుట్టించే వేడికి వాటంతట అవే అంటుకుంటాయి. తాటాకు పాకలో పనిచేసేవాడికి ఇది చెప్పక్కర్లేదు కానీ, నేను ఓసారి పొగ చూశాకే నేర్చుకున్నాను. గుడ్డను తీగ మీద పరిచి ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచండి.

అపోహ: వాల్‌నట్ దొరక్కపోతే టేకు ముక్క అతికిస్తే ఇంకా గట్టి

గోదావరి టేకు మీద నాకూ అభిమానమే. పదిహేడో శతాబ్దంలో మా నరసాపురంలో ఓడలు కట్టేవారు. ఓడ వేరు, తుపాకి వేరు. టేకులో సహజంగా ఉండే జిడ్డు జిగురును పట్టనివ్వదు, దెబ్బకు పీచు వెంట చీలుతుంది. పాత తుపాకి కర్రలకు వాడిన వాల్‌నట్ (అక్రోటు చెక్క) తేలిక, తుపాకి వెనక్కి తన్నే తన్నును తట్టుకుంటుంది, ఉలికి మొన చెదరకుండా తెగుతుంది. ముక్క వేయాలంటే అదే జాతి చెక్క కావాలి, పీచు అదే దిక్కుకు నడవాలి. విరిగిన పాత కర్రలను నేను పారేయనిది అందుకే.

అపోహ: చీలికలో ఫెవికాల్ పోసి ఓ మేకు కొడితే సరి

మెడ దగ్గరి చీలికకు అసలు కారణం తరచుగా నూనే. తుపాకిని మూతి పైకి పెట్టి నిలబెడితే ఇనుముకు రాసిన నూనె ఏళ్ళ తరబడి కిందికి దిగి చెక్కను నల్లగా, మెత్తగా చేస్తుంది. ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసిన తుపాకులూ అలాగే నిలబడి వస్తాయి. జిడ్డు చెక్కకు ఏ జిగురూ పట్టదు. సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దచేసి పట్టిస్తాను. అది ఆరుతూ నూనె లాక్కుని పసుపురంగుకు మారుతుంది. గీకేసి మళ్ళీ పట్టిస్తాను. నాలుగైదు విడతలు. ఆ తర్వాతే ఎపాక్సీ, లోపల ఇత్తడి ఊచ. గొట్టం వెనక మెడలోకి దిగే ఇనుం తోక వెనక కాగితమంత సందు వదులుతాను. అది చెక్కకు ఆనుకుని ఉంటే పేల్చిన ప్రతిసారీ ఉలిలా దిగుతుంది. మా తాత కాచిన వజ్రం (తోళ్ళ జిగురు) మంచిదే కానీ మన తేమకు మెత్తబడుతుంది.

అపోహ: తడిస్తే ఎండలో పెట్టాలి

1986 ఆగస్టు వరదలో మునిగిన కర్ర ఒకటి చాలా ఏళ్ళకు నా దగ్గరకొచ్చింది. అప్పట్లో డాబా మీద ఎండబెట్టారట. పైచెక్క ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. పగిలింది. నీడలో, గాలి ఆడేచోట వారాల తరబడి ఉంచాలి. వంటింటి తూకం మీద పెట్టి రాసుకుంటూ పొండి. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు.

అపోహ: ముక్కలైందంటే చెక్క పుచ్చిపోయినట్టే

చాలాసార్లు విప్పినవాడు పగలగొడతాడు. ఆ విప్పినవాణ్ణి నేనే. శిష్యరికంలో ఉండగా, ఇక పేలని పాత లీ ఎన్‌ఫీల్డు (బ్రిటిష్ సైన్యపు రైఫిల్) ఒకటి శుభ్రం చేయమన్నారు మేస్త్రిగారు. ఆ రైఫిల్ కర్ర రెండు ముక్కలు. మడమ లోపలినుంచి ఓ పొడుగాటి బోల్టు వెళ్తుంది. దాని కొస నలుపలకలు. ముందు కర్రకు బిగించిన ఇనుప రేకులో ఆ కొస ఇరుక్కుని ఉంటుంది. అందుకే ముందు కర్ర తీశాకే ఆ బోల్టు తిప్పాలి. నాకు తెలీదు. ఆయన భోజనానికి వెళ్ళిన టైములో పొడుగు స్క్రూడ్రైవరు దూర్చి బలమంతా పెట్టి తిప్పాను. టక్కుమంది. తిరిగిన బోల్టు మూలలు ముందు కర్రను విడదీసేశాయి.

ఆయన తిట్టలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి చూసి, “నువ్వే అతికించు” అన్నారు. పదకొండు రోజులు పట్టింది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే ఆ గీత ఇప్పటికీ కనిపిస్తుంది.