సైతానుతో మాట్లాడిన డాక్టరు

దయ్యాన్ని వదిలిస్తామంటూ మనిషి ప్రాణం మీదికి తెచ్చారన్న వార్త వచ్చినప్పుడల్లా వాదన రెండు ముక్కల్లో తేలిపోతుంది. మూఢనమ్మకం అని ఒకరు, మా విశ్వాసం జోలికి రావద్దని ఇంకొకరు. మంత్రగత్తెల వేట కథలు అందరికీ తెలిసినవే, వాటిని వదిలేద్దాం. ఈ గొడవకు కీలకం 1890ల నాటి పారిస్‌లో ఉంది.

సాల్పెట్రియేర్ ఆస్పత్రికి ముప్పై మూడేళ్ల వ్యాపారిని తీసుకొచ్చారు. పని మీద ఊరెళ్లి వచ్చినప్పటి నుంచి మాట మానేశాడు. తర్వాత సైతాను తనలో దూరాడంటూ దేవుణ్ని తిట్టడం మొదలుపెట్టాడు. చికిత్స చేసిన ఫ్రెంచ్ మనస్తత్వవేత్త పియర్ జానే అతన్ని అచిల్ అనే మారుపేరుతో రాశారు. మామూలు హిప్నాటిజానికి అచిల్ లొంగలేదు. అయినా సైతాను లేడని జానే వాదించలేదు. రోగి ధ్యాస ఇంకెక్కడో ఉండగా చేతిలో పెన్సిల్ పెట్టి, వెనక నుంచి గుసగుసగా ఎవరు నువ్వని అడిగారు. సైతానునని ఆ చెయ్యి రాసింది. అంత శక్తే ఉంటే ఇతన్ని నిద్రపుచ్చు చూద్దాం అని రెచ్చగొట్టారు. అచిల్ నిద్రలోకి జారాడు, సంగతి బయటపడింది. ప్రయాణంలో భార్యకు ద్రోహం చేశాడు, ఆ తప్పును ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. భార్య వచ్చి క్షమించినట్టు ఆ మగతలోనే జానే అతనికి చూపించారు. మనిషి కోలుకున్నాడు. దీనిపై 1894లో చేసిన ప్రసంగం శీర్షికలో 'ఆధునిక భూతవైద్యం' అన్న మాటను జానేయే వాడారు.

ఎనభై ఏళ్ల తర్వాత జర్మనీలో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది. మూర్ఛకు మందులు వాడిన విద్యార్థిని అనెలీస్ మిషెల్‌కు బిషప్ అనుమతితో 67 సార్లు భూతవైద్యం చేశారు. 1976 జులై 1న ఆమె తిండీ నీళ్లూ లేక చనిపోయింది. తల్లిదండ్రులకూ ఇద్దరు క్యాథలిక్ ఫాదర్లకూ 1978లో శిక్ష పడింది, అదీ సస్పెండ్ చేసిన శిక్షే. డాక్టర్లకు అందనివి కొన్ని ఉంటాయన్నది భూతవైద్యుల మాట. 1614 నాటి భూతవైద్య విధానాన్ని 1999లో మార్చిన వాటికన్ కూడా ముందు వైద్యుల సలహా తీసుకోమంది.

ఆఫ్రికా దేశం మొజాంబిక్‌లో 1992లో అంతర్యుద్ధం ముగిశాక హత్యలకు విచారణ లేదు, క్షమాభిక్ష ఇచ్చేశారు. గొరొంగోజా ప్రాంతంలో చనిపోయిన సైనికుల ఆత్మలు ఎక్కువగా ఆడవాళ్లకే పట్టేవి. అచిల్ కథలో లాగే, బయట ఎవరూ ఎత్తని హత్యల గురించి ఆ గొంతులే చెప్పేవి.

2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా దయ్యం పట్టడాన్ని రుగ్మతగా చూడటానికి షరతులు పెట్టింది. అది మనిషి కోరుకోకుండా రావాలి, మతాచారంలో భాగం కాకూడదు. ఇప్పటి తగాదాలో రెండో షరతు గురించి కుటుంబాలూ మతపెద్దలూ చాలా మాట్లాడతారు. మొదటిది తేలాలంటే దయ్యం పట్టిందంటున్న మనిషినే అడగాలి.