తుపాను తర్వాత కొల్లేట్లో తెడ్డు వేయాలంటే: అపోహలు, వాస్తవాలు

వాన వెలిసిన మర్నాడే ఫోన్లు మొదలవుతాయి. ‘అన్నా, ఎండ కాసేసింది కదా, ఈ ఆదివారం కయాక్‌లు దింపేద్దామా?’ హైదరాబాద్ నుంచి ఒకరు, బెజవాడ నుంచి ఇంకొకరు. కొల్లేట్లో పడవ యాత్రలు నడిపేవాళ్లం కాబట్టి ఈ సీజన్‌లో మా పని సగం ‘ఇప్పుడు కాదు’ అని చెప్పడమే. ఎక్కువగా వినే మాటలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: వాన ఆగిపోయింది, ఇక గండం గడిచినట్టే.

కొల్లేటికి గండం అప్పుడే మొదలవుతుంది. దీని మీద పడే వాన కంటే బుడమేరు, తమ్మిలేరు, చుట్టుపక్కల డ్రెయిన్లు మోసుకొచ్చే నీళ్లే ఎక్కువ. ఎక్కడో ఎగువన పడ్డ వాన ఇక్కడికి చేరేసరికి రోజులు పడుతుంది. వచ్చిన నీళ్లన్నీ సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అదేమో అరవై కిలోమీటర్లకు పైగా పొడవు, వంకరటింకర. పూడిక ఒకపక్క, గుర్రపుడెక్క ఒకపక్క. సముద్రం పోటు మీద ఉంటే ఆ కాస్త పారుదలా మందగిస్తుంది.

2024 సెప్టెంబరు గుర్తుందా? బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగింది నెల మొదట్లో. 7వ తేదీకి గండ్లు పూడ్చారు, టీవీలు అటు చూడటం తగ్గించాయి. ఆ నీళ్లు కొల్లేరు లంకల్లో మాత్రం ఆ తర్వాత కూడా నిలిచే ఉన్నాయి. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకీ నీళ్లొచ్చాయి.

ఇంకో లెక్క చెప్తాను. కొల్లేరు పళ్లెం లాంటిది. ఐదడుగుల కాంటూరు దగ్గర, అంటే నీళ్లు సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున ఉన్నప్పుడు, విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. పదడుగుల కాంటూరుకు వస్తే 901. అంటే ఐదడుగులు పెరిగేసరికి సరస్సు దాదాపు మూడింతలవుతుంది. మీరు గూగుల్ మ్యాపులో చూసి గీసుకున్న దారి ఆ కొత్త సరస్సులో ఉండదు.

మరి నీళ్లు తీస్తున్నాయో పెరుగుతున్నాయో తెలిసేదెలా? పెద ఎడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంతుందో ఇరిగేషన్ వాళ్లను అడగండి. ఒక్కరోజు అంకె సరిపోదు, మూడు నాలుగు రోజులవి పక్కపక్కన పెట్టి చూడాలి. అక్కడికి చేరాక ఏదైనా కరెంటు స్తంభం మొదలు చూడండి. నీటికి పైన జానెడు మేర తడి బురద చార ఉంటే తీస్తున్నట్టు. చార లేకుండా, పచ్చగడ్డి నిలువునా మునిగి, ఒడ్డున ఎండుటాకులూ నురగా తేలుతుంటే ఇంకా పెరుగుతోంది. నమ్మకం కుదరకపోతే సాయంత్రం నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, తెల్లారి చూడండి. పెరుగుతుంటే వెనక్కొచ్చేయండి.

అపోహ: పేరున్న తుపానైతేనే భయం, వాయుగుండానికి ఏముంది?

పేరు పెట్టేది గాలి వేగాన్ని బట్టి. గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే దాన్ని తుపాను అంటారు, పేరు పెడతారు. నీళ్లకు ఆ పేరుతో పనిలేదు. పైన చెప్పిన 2024 వరద తెచ్చింది పేరులేని వాయుగుండమే. రేవుల్లో ఎగరేసే ఒకటో నంబరు, మూడో నంబరు హెచ్చరికలు కూడా ఓడలకూ సముద్రానికీ సంబంధించినవి. అవి దించేశారంటే కొల్లేరు సిద్ధమని అర్థం కాదు.

అపోహ: నీళ్లు నిండుగా ఉంటే పడవకు ఇంకా హాయి.

ఈ మాట అన్నవాళ్లను ఒకసారి నిలబెట్టి అడుగుతాను: కింద ఏముందో తెలుసా? 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చేపల చెరువులు చాలావరకు కొట్టేశారు. అయినా ఇప్పటికీ ఈ చుట్టుపక్కలంతా గట్లే. మునిగిన గట్టు పైకి కనిపించదు, దాని మీద నీళ్లు సన్నగా జారుతుంటాయి. గండి పడ్డచోట మాత్రం ఆ నీళ్లన్నీ ఒక్కచోటికే లాగుతాయి. తూముల దగ్గరా, వంతెన కానాల (నీళ్లు పోయే ఖాళీల) దగ్గరా అదే తంతు. కానాకు గుర్రపుడెక్క అడ్డం పడి ఉంటే పడవ దానికి తగులుకుని పక్కకు ఒరుగుతుంది, నీళ్లు లోపలికి తన్నుకొస్తాయి.

చేపలు పోకుండా రైతులు గట్ల చుట్టూ వలలు కడతారు. వాళ్ల పెట్టుబడి వాళ్లది, తప్పు పట్టలేం. బురద నీళ్లలో ఆ వల తెడ్డుకో కాలికో చుట్టుకునేదాకా మీకు కనపడదు. అందుకే మా వాళ్లందరి నడుముకీ చిన్న కత్తి ఉంటుంది.

అన్నిటికన్నా నాకు భయం కరెంటు తీగలు. చెరువు మోటార్ల కోసం లాగిన లైన్లు మామూలప్పుడు తలకు బాగా ఎత్తులో ఉంటాయి. నీళ్లు పెరిగినంతా మీరూ పైకి లేస్తారు. గాలికి స్తంభం ఒరిగితే తీగ ఇంకా కిందికి దిగుతుంది. అల్యూమినియం తెడ్డు గానీ, తడిసిన వెదురు గెడ గానీ ఎత్తి పట్టుకుని దాని కింద నుంచి వెళ్లకండి. సరఫరా లేదని ఎవరైనా చెప్పినా సరే.

అపోహ: గుర్రపుడెక్కే కదా, తోసుకుంటూ పోవచ్చు.

పలచగా ఉంటే పోవచ్చు. దట్టమైతే తెడ్డు దిగదు. గాలి తిరిగితే మీరొచ్చిన దారి మీ వెనకే మూసుకుపోతుంది. వరదకు చోటు వెతుక్కున్న పాములు కూడా దాని మీదే ఉంటాయి. గాలికి ఎదురుగా బయల్దేరి, గాలితో తిరిగి రావడం మా పద్ధతి.

అపోహ: లోతెంత, నడుం లోతే కదా, లైఫ్ జాకెట్ దేనికి?

నడుం లోతు నీళ్ల కింద మోకాలి లోతు బురద ఉంటుంది, దాంట్లో కిక్కిస వేళ్లు. కాలు దిగబడితే ఈత వచ్చినా పనికిరాదు. జాకెట్ లేకపోతే పడవ ఎక్కనివ్వను, బతిమాలొద్దు.

అపోహ: కొత్త నీరు కడిగేసింది, నీళ్లు శుభ్రం.

ఊళ్ల మురుగు, చెరువుల్లో మిగిలిన మేత, చచ్చిన పశువులు, ఎలుకలు అన్నీ ఇందులోకే. కాలికి పుండు ఉంటే దిగకండి, ఎలుక జ్వరం అలాగే వస్తుంది. తాగే నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోండి.

అపోహ: తుపాను తర్వాత పక్షులు విరగబడి కనిపిస్తాయి.

లోతు పెరిగితే ఒడ్డున బురదలో ఏరుకుతినే పిట్టలు వేరేచోటికి పోతాయి. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు) ఉంటాయి నిజమే, కానీ అది గూళ్లు కట్టే కాలం. పడవ దగ్గరికొస్తే పెద్దవి లేస్తాయి, గుడ్లు ఎండకు వదిలేసినట్టవుతుంది. పైగా అది అభయారణ్యం. సొంత పడవ దింపాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి.

అపోహ: ఊళ్లో దోనెలు ఖాళీగానే ఉంటాయి, రెట్టింపు ఇస్తే ఎవరైనా వస్తారు.

వస్తారు, అదే నా బాధ. లంకల్లో రోడ్డు మునిగినన్నాళ్లూ మంచినీళ్ల డబ్బాలూ, బియ్యమూ, పురుడొచ్చిన ఆడపిల్లా అన్నీ ఆ దోనెల మీదే పోవాలి. మీరు రెట్టింపు ఇచ్చి ఒకదాన్ని తీసుకుంటే అక్కడ ఒకటి తగ్గినట్టే. ఫోన్ చేసినప్పుడు ‘బాబాయ్, దారి తెరిచారా, బస్సులు తిరుగుతున్నాయా?’ అని ముందు అడగండి. తిరగట్లేదంటే డబ్బుల మాట ఎత్తకుండా, తేదీ వెనక్కి జరుపుకోండి. అడ్వాన్సు మా దగ్గరే ఉంటుంది, ఎక్కడికీ పోదు.