కెనడీ బెదిరిస్తే క్రుశ్చేవ్ వెనక్కి తగ్గాడా?

డిగ్రీ విద్యార్థులకు ప్రపంచ చరిత్ర బోధిస్తాను. క్యూబా క్షిపణి సంక్షోభంపై (1962లో సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులు పెట్టడంతో అమెరికా అధ్యక్షుడు కెనడీ, సోవియట్ నేత క్రుశ్చేవ్ అణుయుద్ధం అంచున ఎదురెదురుగా నిలిచిన ఘట్టం) ప్రశ్న ఇస్తే ఏటా జవాబు పత్రాల్లో ఒకే వాక్యం: "కెనడీ గట్టిగా నిలబడ్డాడు, క్రుశ్చేవ్ తోక ముడిచాడు." ఎక్కడ రెండు దేశాల మధ్య ఉద్రిక్తత పెరిగినా వాట్సాప్‌లో తిరిగేదీ ఇదే: గట్టిగా బెదిరిస్తే అవతలివాడు దిగివస్తాడట.

అపోహ: 1962 అక్టోబరులో బెదిరింపే గెలిచింది.

వాస్తవం: బేరం కుదిరింది. అక్టోబరు 27 సాయంత్రం అధ్యక్షుడి తమ్ముడు, అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ అమెరికాలోని సోవియట్ రాయబారి దొబ్రీనిన్‌ను తన కార్యాలయానికి పిలిపించుకున్నాడు. క్యూబాపై దాడి చేయబోమని బహిరంగంగా హామీ ఇస్తాం, టర్కీలోని మా జూపిటర్ అణు క్షిపణులను కూడా కొన్ని నెలల్లో తీసేస్తాం, ఈ రెండో మాట మాత్రం బయటికి పొక్కకూడదు అన్నాడు. క్యూబా నుంచి క్షిపణులు వెనక్కి తీసుకుంటామన్న క్రుశ్చేవ్ నిర్ణయాన్ని మర్నాడే మాస్కో రేడియో చదివింది. 1963 ఏప్రిల్ నాటికి టర్కీలోని 15 జూపిటర్లూ వెళ్లిపోయాయి. కెనడీ సలహాదారుల్లోనే చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసినవాళ్లు పాతికేళ్లకు పైగా నోరు విప్పలేదు. సగం దాచిన కథనే అందరూ పాఠంగా నేర్చుకున్నారు, ఇప్పటికీ దాన్నే వల్లెవేస్తున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

పైగా ఆ 27వ తేదీన పగ్గాలు ఇద్దరు నాయకుల చేతుల్లోనూ పూర్తిగా లేవు. క్యూబా మీద అమెరికా యూ-2 గూఢచారి విమానాన్ని కూల్చింది అక్కడి సోవియట్ అధికారులే, మాస్కో ఆదేశం లేకుండానే. పైలట్ ఆండర్సన్ చనిపోయాడు. అదే రోజు సముద్రంలో సోవియట్ జలాంతర్గామి బీ-59ని పైకి రప్పించడానికి అమెరికా నౌకలు చిన్న పేలుడు గుళ్లు వదిలాయి. అందులో అణు టార్పెడో ఉందని వాటికి తెలియదు. లోపల ఊపిరాడని వేడి, మాస్కోతో సంబంధం లేదు. యుద్ధం మొదలైందేమోనని ఆవేశపడిన కెప్టెన్ సవిత్స్కీని తోటి అధికారి ఆర్హిపోవ్ శాంతింపజేశాడని అందులో ఉన్నవాళ్లు తర్వాత చెప్పారు. బెదిరింపు లెక్కల్లో ఈ మనుషులెవరూ కనిపించరు.

అపోహ: అణుయుద్ధం ఫలానా రోజున మొదలవుతుంది.

ఈ మధ్య మా విద్యార్థి తల్లి ఒకావిడ రాత్రిపూట ఫోను చేసింది. పెద్ద కొడుకు పోలండ్‌లో చదువుతున్నాడు. "రేపే బాంబు వేస్తారటగా సార్, వాణ్ణి వచ్చేయమనాలా?" అని ఏడ్చింది. ఆమె భయంలో తప్పేమీ లేదు. తేదీలు వేసి పుకార్లు పంపేవాళ్లమీదే నా కోపం. 1962లో అమెరికా గూఢచారి సంస్థ క్యూబాలోని సోవియట్ సైనికులు పదివేల మంది అనుకుంది. నిజానికి 40 వేలకు పైనే. అంతటి సంస్థే అంత పొరబడినప్పుడు, ఫార్వర్డ్ చేసేవాడికి రేపటి దాడి ఎలా తెలుస్తుందమ్మా అన్నాను. చాలాసేపు మాట్లాడాక కుదుటపడింది.

అపోహ: ఇద్దరు అధినేతల మధ్య ఎర్ర టెలిఫోను ఉండేది.

లేదు. సంక్షోభ సమయంలో దొబ్రీనిన్ సంకేత భాషలో రాసిన టెలిగ్రాములను వెస్టర్న్ యూనియన్ కుర్రాడు సైకిల్‌పై వచ్చి తీసుకెళ్లేవాడు. రెండు ప్రభుత్వాలనూ నేరుగా కలిపే హాట్‌లైన్ ఒప్పందం 1963 జూన్‌లో కుదిరింది. అదీ మాటలు కాదు, అక్షరాలు పంపే టెలిప్రింటరే.