అపోహలు - వాస్తవాలు: మన ఎండలకి చిక్కటి ఆయిలే ఆగుతుందా?

మార్చి దాటిందంటే ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చే ప్రతి రెండో కారాయనదీ ఒకటే పాట. "ఈ నీళ్ళలాంటి ఆయిల్ బెజవాడ ఎండకి ఏం ఆగుద్ది మేస్త్రీ, ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ పొయ్యి." కారు చూస్తే కొత్త పెట్రోల్ కారు. కంపెనీ పుస్తకంలో 0డబ్ల్యూ-20 అని స్పష్టంగా ఉంటుంది. (డబ్ల్యూ ముందున్న అంకె చలిలో చిక్కదనానికి, వెనకది కాగాక చిక్కదనానికి; అంకె పెరిగితే చిక్కన.) పుస్తకం డాష్‌బోర్డులో కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది, బావమరిది మాట మాత్రం వేదం.

అపోహ: బయట ఎండ పెరిగితే ఆయిల్ చిక్కగా ఉండాలి, లేకపోతే ఇంజన్ అరిగిపోతుంది.

కూలెంటుతో నడిచే ఇంజన్‌కి థర్మోస్టాట్ ఉంటుంది. బయట 25 డిగ్రీలున్నా 45 ఉన్నా అది కూలెంటుని 90 డిగ్రీల దగ్గరే పట్టి ఉంచుతుంది. ఆయిల్ వేడి కూడా ఇంచుమించు ఆ చుట్టుపక్కలే, హైవే మీద ఇంకాస్త పైన. రెంటచింతల ఎండైనా, సిమ్లా చలైనా లోపల బేరింగుకి తెలిసేది ఆ వేడే.

ఒక లెక్క చూడండి. 100 డిగ్రీల దగ్గర 20 గ్రేడు ఆయిల్ చిక్కదనం 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు ఉండాలి, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు. అదే 0డబ్ల్యూ-20 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సాధారణంగా 40కి పైనే ఉంటుంది. అంటే మే నెల మధ్యాహ్నం ఎండలో పెట్టిన కారుని మీరు స్టార్ట్ చేసే క్షణాన, మీరు "నీళ్ళు" అంటున్న ఆ ఆయిల్, బాగా కాగిన ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ కన్నా రెట్టింపు చిక్కగా ఉంది. ఆ ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీయే పోసి ఉంటే అదే క్షణాన 150 దాటి ఉంటుంది. పంపు దాన్ని సందుల్లోకి తోయాలి, పైన వాల్వుల్ని తెరిచే క్యామ్ దాకా ఎక్కించాలి.

వానలో స్పీడుగా పోయే టైరుని నీటిపొర రోడ్డు మీంచి ఎలా లేపేస్తుందో, క్రాంకుని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) ఆయిల్ పొర బేరింగు మీంచి అలా లేపి ఉంచుతుంది. ఆ పొర ఎంత మందం ఉండాలో బేరింగు సందు, లోడు, స్పీడు చూసి ఇంజన్ గీసినవాడు లెక్క కట్టాడు. మైలేజీ కోసమే పలచటి ఆయిల్ తెచ్చారన్న మాట నిజమే, నేను కాదనను. కానీ ఆయిల్ ఒక్కటే మార్చి ఊరుకోలేదు. పంపు, బేరింగులు, రింగులు అన్నీ దానికి తగ్గట్టే తయారు చేశారు. పిస్టన్ పైకొచ్చి ఆగి తిరిగే చోట రింగుల్ని, క్యామ్ ముక్కుల్ని కాపాడటంలో చిక్కదనం కన్నా ఆయిల్లో కలిపే జింకు అడిటివ్‌ది ఎక్కువ పని.

మరీ చిక్కగా పోస్తే ఏమవుతుంది? చల్లటి స్టార్ట్‌లో ప్రెషర్ హద్దు దాటి రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది, పైకి పోవాల్సిన ఆయిల్లో కొంత కింద ఆయిల్ నిలవుండే చాంబర్లోకే తిరిగొచ్చేస్తుంది. ఫిల్టర్‌లో బైపాస్ వాల్వు తెరుచుకుంటే ఆ కాసేపూ వడపోత లేకుండానే ఆయిల్ బేరింగులకి వెళ్తుంది. డాష్‌బోర్డు మీద మాత్రం చాలాసార్లు ఏ లైటూ వెలగదు, అన్నీ బాగున్నట్టే ఉంటుంది.

ఒక లెక్చరర్ గారు ఆ మధ్య చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందని వచ్చారు. పికప్ లేదు, పొద్దున్నే కటకట శబ్దం. స్కానర్ పెడితే పీ0011, అంటే క్యామ్ టైమింగ్ తప్పింది. అప్పటికే ఒక చోట సెన్సర్ మార్చారు, ఇంకో చోట వాల్వు టైమింగ్ యూనిట్ మొత్తం మార్చాలని భారీ ఎస్టిమేటు ఇచ్చారు. ఆయనకి రాత్రిళ్ళు నిద్ర లేదు, కారు లోను ఇంకా నడుస్తోంది. డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ తాడులా దిగింది. ఆ టైమింగ్ యూనిట్ నడిచేది ఆయిల్ ప్రెషర్ మీదే, అందులోకి వెళ్ళే దారులు సన్నటివి. పుస్తకంలో ఉన్న గ్రేడు, కొత్త ఫిల్టర్ వేసి, కోడ్ తీసేసి పంపాం. మళ్ళీ రాలేదు, లైటూ, ఆయనా. అన్ని పీ0011లూ ఇంత తేలిగ్గా పోవు. కానీ లక్షల పని ఒప్పుకునే ముందు ఏ ఆయిల్ ఉందో అడగండి సార్, ఖర్చు లేని ప్రశ్న.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. అంబాసిడర్ రోజుల్లో 20డబ్ల్యూ-40 పోసేవాళ్ళం, ఆ ఇంజన్ల సందులు వేరు. గాలితో చల్లబడే బైకులకి థర్మోస్టాట్ ఉండదు, ట్రాఫిక్‌లో నిలబడితే ఆయిల్ నిజంగానే కాగిపోతుంది. అందుకే బుల్లెట్‌కి 15డబ్ల్యూ-50 లాంటివి చెప్తారు. అలాంటి బండికి మైలేజీ వస్తుందని 0డబ్ల్యూ-20 పోస్తే అదీ తప్పే, ఇంకా పెద్ద తప్పు. ఘాట్ రోడ్లలో నిండా లోడుతో తిరిగేవాళ్ళకి కొన్ని పుస్తకాల్లోనే ఒక మెట్టు పై గ్రేడు వాడొచ్చని ఉంటుంది. ఉంటే వాడండి. ఒక మెట్టు, మూడు కాదు.

చిక్కటి ఆయిల్ పోస్తే సౌండు తగ్గుతుంది కాబట్టి ఇంజన్ బాగుపడిందనుకోవడం ఇంకో అపోహ. టాపెట్ సౌండు తగ్గుతుంది, పొగ కూడా కాస్త తగ్గుతుంది. అరుగుదల అలాగే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కార్లమ్మే కొందరికి ఈ కిటుకు బాగా తెలుసు. బోరుకొచ్చిన ఇంజన్‌ని ఇంకొన్నాళ్ళు లాగించడానికైతే సరే.

మిగతావి త్వరగా. డీజిల్లో ఆయిల్ నల్లబడటం పాడవడం కాదు, మసిని పట్టుకుంటోందని అర్థం. సింథటిక్ అయితే ఎన్నాళ్ళైనా మార్చక్కర్లేదన్నది ఉత్త మాట. కారు ఆయిల్ బైకులో పోయొద్దు, బైకు క్లచ్ సాధారణంగా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, జారొచ్చు, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైకు ఆయిల్ గుర్తు) చూడండి. గేర్లు లేని స్కూటర్ల సంగతి వేరు.

మా దగ్గరికి పట్టేసి వచ్చే ఇంజన్లలో గ్రేడు తేడాతో పోయినవి అరుదు. ఆయిల్ గేజు (డిప్‌స్టిక్) చూడక, ఆయిల్ అడుగంటి పోయినవే ఎక్కువ. చదును నేల మీద ఆపి, పది నిమిషాలాగి గేజు తీయండి. బీఎస్6 డీజిల్ కారున్నవాళ్ళు లెవెల్ పెరిగినా కంగారుపడాలి, "మంచిదేగా, తాగట్లేదు" అని మురిసిపోకూడదు. ఊళ్ళో చిన్న చిన్న దూరాలే తిరిగితే డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) శుభ్రపడే పని మధ్యలో ఆగిపోయి, దానికోసం పంపిన డీజిల్ చాంబర్లోకి దిగుతుంది. ఆయిల్ నిజంగా పలచబడేది అప్పుడే, దాన్ని వెంటనే మార్చాలి.

ఇప్పటికే చిక్కటిది పోయించేసుకుని ఇది చదివి టెన్షన్ పడుతున్నవాళ్ళకి: ఒక్కసారికి ఇంజన్ ఏమీ కాదు. పొద్దున్నే స్టార్ట్ చేశాక మొదటి రెండు మూడు కిలోమీటర్లు రేజ్ చేయకుండా నడపండి. వచ్చే సర్వీసు దాకా ఆగకుండా వీలు చూసుకుని మార్పించండి, ఫిల్టర్‌తో సహా. డబ్బా మీ ఎదురుగానే తెరవమనండి, బిల్లు మీద గ్రేడు రాయించుకోండి.