ఏఐ శాతం చూసి పిల్లల్ని దొంగలనకండి

మొన్న రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. ఉప్పల్ దగ్గర కిరాణా కొట్టు నడిపే ఒక తండ్రి. "సార్, మా బిడ్డ ప్రాజెక్టుల ఎనభై రెండు శాతం ఏఐ వచ్చిందంట. డిగ్రీ పోయినట్టేనా?" వెనకాల అమ్మాయి ఏడుపు వినిపిస్తోంది. స్పైరల్ బైండింగ్‌కి ఇచ్చిన జిరాక్స్ షాపులో ఎవరో చెక్ చేసి చెప్పారట. పదిహేను వందలిస్తే ఐదు శాతానికి దించుతామన్నది కూడా ఆ షాపువాళ్లే.

డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పబట్టి నాకు పంతొమ్మిదేళ్లు. ఈ ఆరో సెమిస్టర్‌లో ఇలాంటి ఫోన్ ఇది ఏడోదో ఎనిమిదోదో. ఏఐ గురించి స్టాఫ్‌రూముల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే అపోహలకు లెక్కలేదు. వాటిలో పిల్లల కొంప ముంచుతున్నది మాత్రం ఒకటుంది. ముందు దాని సంగతి.

అపోహ: ఏఐ రాతను పట్టే సాఫ్ట్‌వేర్, అంటే డిటెక్టర్, శాతం చూపించిందంటే ఏఐతో రాసినట్టే.

కాదు. ప్లేజరిజం, అంటే వేరేవాళ్ల రాతను కాపీ కొట్టడం, దాని రిపోర్టులో ఏ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో పక్కనే లింకు ఉంటుంది. తెరిచి, పోల్చి చూసుకోవచ్చు. ఏఐ రిపోర్టులో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. అది ఒక అంచనా, అంతే. ఈ డిటెక్టర్లు ముఖ్యంగా చూసేది, ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో ఎంత తేలిగ్గా ఊహించవచ్చు, వాక్యాలన్నీ ఒకే పొడవులో సాగుతున్నాయా అని. రాత ఊహకు అందేలా, నున్నగా ఉంటే మెషిన్ రాసిందంటాయి.

మరి మన పిల్లల ఇంగ్లిష్ ఎలా ఉంటుంది? ఇంటర్ గైడ్లు బట్టీ పట్టించాం. "నౌ ఎ డేస్"తో మొదలుపెట్టి, "లాస్ట్ బట్ నాట్ ద లీస్ట్" దాటించి, "టు కంక్లూడ్"తో ముగిస్తే మార్కులు వేశాం. తప్పు పోతుందనే భయంతో తెలిసిన మాటే వాడమని, చిన్న వాక్యమే రాయమని చెప్పింది మేమే. పన్నెండేళ్లు అలా తోమి తోమి అప్పజెప్పిన పిల్లని ఇప్పుడు పట్టుకుని, నువ్వు మెషిన్‌లా రాశావంటే ఆ పిల్ల ఏం చేయాలి?

ఇది నా ఊహ కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూశారు. అన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతం వ్యాసాలను ఏఐ రాసినవని అవి తేల్చాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల దగ్గర మాత్రం అవే డిటెక్టర్లు దాదాపు తప్పు చేయలేదు. దెబ్బ ఎవరికి తగులుతోందో చూడండి.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో సొంతంగా ఒక డిటెక్టర్‌ని వదిలింది. ఏఐ రాతలో 26 శాతాన్నే అది గట్టిగా పట్టుకోగలిగింది. మనుషుల రాతలో 9 శాతాన్ని ఏఐ అంది. అరవై మంది క్లాసులో ఐదుగురు అన్నమాట. కచ్చితత్వం తక్కువగా ఉందని చెప్పి ఆ జులైలోనే దాన్ని తీసేశారు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్లది ఇంకో లెక్క. 2022లో కాపీ పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లో వాళ్లు పెట్టిన పేపర్లు 75,000. డిటెక్టర్ వందకు ఒక్కటే తప్పు చేస్తుందనుకున్నా 750 పేపర్ల మీద తప్పుడు నింద పడుతుంది. 2023 ఆగస్టులో టర్నిటిన్‌లోని ఏఐ డిటెక్టర్‌ని ఆపేసుకున్నారు. మన జిరాక్స్ షాపులో దొరికే ఉచిత సైటుకు అంతకన్నా ఎక్కువ తెలుసంటారా?

ఇదంతా ఇంత గట్టిగా చెబుతున్నాను గానీ, ఆ తప్పు నేనూ చేశాను. 2023లో, చాట్‌జీపీటీ వచ్చి ఏడాది కూడా కాని రోజుల్లో. దేవరకొండ వైపు నుంచి వచ్చిన కుర్రాడు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. అసైన్‌మెంట్ ఒక్క తప్పు లేకుండా తెచ్చాడు. నాకు అనుమానం. ఒక సైటులో పెడితే 91 శాతం అంది. క్లాసులో అందరి ముందూ నిలబెట్టి అడిగాను. తల దించుకున్నాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. వారం తర్వాత స్టాఫ్‌రూమ్‌కి వచ్చి ఒక లాంగ్ నోట్‌బుక్ నా టేబుల్ మీద పెట్టి, ఏం మాట్లాడకుండా వెళ్లిపోయాడు. అందులో అదే వ్యాసం ముందు తెలుగులో ఉంది. కింద డిక్షనరీ చూసి రాసుకున్న మాటలు. తర్వాత ఇంగ్లిష్‌లో మూడుసార్లు, కొట్టివేతలతో. ఆ రాత్రి ఇంటికెళ్లి, 2009లో నేను రాసుకున్న ఎం.ఫిల్ చాప్టర్‌ని అదే సైటులో పెట్టాను. 64 శాతం ఏఐ! చాట్‌జీపీటీ పుట్టింది 2022 నవంబర్ 30న.

మర్నాడు అదే క్లాసులో వాడికి సారీ చెప్పాను. "పర్లేదు సార్" అన్నాడు. ఆ తర్వాత మూడు సెమిస్టర్లలో వాడు నా క్లాసులో చెయ్యెత్తి ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇంకొందరు లెక్చరర్లు పేపర్‌ని చాట్‌జీపీటీలోనే పెట్టి "ఇది నువ్వు రాశావా?" అని అడుగుతున్నారు. తాను ఎవరికి ఏం రాసిచ్చిందో దానికి తెలియదు. తోచింది చెబుతుంది. టెక్సస్‌లో 2023 మేలో ఒక అధ్యాపకుడు ఇలాగే అడిగి, క్లాసులో సగం మందికి పైగా విద్యార్థుల గ్రేడ్లు ఆపించాడు. ప్రపంచమంతా నవ్వింది. మన దగ్గర ఇంకా అడుగుతూనే ఉన్నారు.

సరే, 10 శాతం గొడవ. "ఏఐ 10 శాతం లోపే ఉండాలని యూజీసీ రూల్" అని ప్రతి పిల్లా చెబుతుంది. యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2018లో పెట్టిన నిబంధనల్లో 10 శాతం ఉన్న మాట నిజమే. అది సిమిలారిటీకి, అంటే వేరేవాళ్ల రాతతో పోలికకు పెట్టిన హద్దు. 10 లోపు శిక్ష లేదు, 10 నుంచి 40 దాకా అయితే దిద్ది మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అవి రాసేనాటికి చాట్‌జీపీటీయే లేదు. ఆ అంకెను తెచ్చి ఏఐ శాతానికి తగిలించింది ఎవరో గానీ, జిరాక్స్ షాపులకు మంచి బేరం చూపించారు. మీ యూనివర్సిటీ ఏఐ మీద విడిగా నియమం పెట్టిందని ఎవరైనా అంటే, ఆ కాగితం చూపించమనండి.

ఇక "దించుతాం" అనే వాళ్ల దగ్గర ఏం జరుగుతుంది? మీ వాక్యాలను ఇంకో మెషిన్‌లో వేసి పర్యాయపదాలతో తిప్పుతారు. అలాంటి తిప్పుడులో "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్" కాస్తా "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయిన పరిశోధన పత్రాలను 2021లోనే ఏరి చూపించారు. అంటే దొంగ స్పృహ! సొంతంగా రాసుకున్న పిల్ల డబ్బులిచ్చి తన రాతను మెషిన్ రాతగా మార్పించుకోవడం. వైవాలో "ఈ మాటకు అర్థమేంటమ్మా?" అంటే నీళ్లు నమలడం.

డబ్బు లేకుండా అయ్యే పని చెబుతాను. రఫ్ కాగితాలు పారేయకండి. గూగుల్ డాక్స్‌లో రాస్తే వెర్షన్ హిస్టరీ ఉంటుంది, ఏ రోజు ఏ పేరా పెరిగిందో అదే చూపిస్తుంది. సర్వే చేసి ఉంటే నింపిన ఫారాలు దాచండి. నింద వస్తే "నన్ను పది నిమిషాలు ప్రశ్నలు అడగండి సార్" అని మీరే అడగండి. లెక్చరర్ మిత్రులకూ అదే చెబుతున్నాను. ఎవరు రాశారో తేల్చడానికి నాకు ఆ పది నిమిషాలకన్నా మంచి డిటెక్టర్ ఇంతవరకూ దొరకలేదు. ఏఐతోనే రాయించుకున్నవాళ్లు లేరా అంటే, ఉన్నారు, బోలెడు మంది. వాళ్లూ ఆ పది నిమిషాల్లోనే దొరికిపోతారు. అయినా ఏఐ రాకముందు ప్రాజెక్టులన్నీ సొంతంగా చేశారా? అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మిన రోజులు మనం చూడలేదా?

మిగతావి గబగబా.

చేత్తో రాయిస్తే ఏఐ బెడద పోతుందట. ఫోన్ పక్కన పెట్టుకుని చూసి రాస్తారు. చెయ్యి నొప్పి తప్ప లాభం లేదు.

ఏఐ ఇచ్చిన రిఫరెన్సులు నిజమేనట. లేని పుస్తకాన్ని పేజీ నంబర్‌తో సహా చెబుతుంది. లేని కేసులను కోర్టులో చూపించినందుకు 2023 జూన్‌లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లకు, వాళ్ల సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది.

ఏఐకి తెలుగు రాదట. వచనం బాగానే రాస్తోంది. మా తెలుగు మేడమ్ ఆటవెలది అడిగితే మాత్రం రెండో పాదంలో ఐదు సూర్యగణాలు రావాల్సిన చోట మధ్యలో ఇంద్రగణం తెచ్చి పెట్టింది, యతి కూడా తప్పింది. ఆవిడ ఆ పద్యాన్నే బోర్డు మీద రాసి, తప్పులు పట్టమని పిల్లలకు ఇచ్చారు. ఛందస్సు క్లాసులో అంత గోల ఎప్పుడూ వినలేదన్నారు.

ఏఐ ముట్టుకుంటే సృజన చచ్చిపోతుందన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఇందులో సగం నిజముంది. 2024లో సైన్స్ అడ్వాన్సెస్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏఐ ఇచ్చిన ఆలోచనలతో రాసిన చిన్న కథలకు విడివిడిగా మంచి మార్కులే పడ్డాయి. అన్నీ కలిపి చూస్తే మాత్రం అవి ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. నా క్లాసులోనూ అదే చూశాను. బస్టాప్ మీద రాయమని ఫోన్లు వదిలేస్తే దాదాపు అందరికీ "సందడిగా ఉండే నగరం"తోనే మొదలైంది. రెండోసారి మొదటి ఇరవై నిమిషాలు ఫోన్లు బ్యాగుల్లో పెట్టించాను. ఆ తర్వాతే ఏఐ. అది చెప్పిన వాటిలో ఏది వద్దనుకున్నారో, ఎందుకో చివర రాయాలన్నాను. ఒక అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్ గురించి రాసింది. గురువారం సాయిబాబా గుడి పూలు చెప్పుల కింద నలిగి, డీజిల్ పొగలో మల్లెల వాసన వస్తుందట. ఏఐ దాన్ని "ఆధ్యాత్మిక పరిమళం" అని మార్చమంది. చివర ఆ అమ్మాయి రాసిన కారణం: "నాకు వచ్చింది డీజిల్ వాసనే సార్."

ఉప్పల్ తండ్రికి ఇవన్నీ చెప్పలేదు. రఫ్ పేపర్లు, కస్టమర్లు నింపిన సర్వే ఫారాలు ఉన్నాయా అని అడిగాను. అట్టపెట్టె నిండా ఉన్నాయట. అవే తీసుకుని, జిరాక్స్ షాపు తిప్పక ముందున్న కాపీతో ప్రాజెక్టు గైడ్‌గా ఉన్న లెక్చరర్ దగ్గరికి వెళ్లమన్నాను. ఏడుపు ఆగింది. ఫోన్ పెట్టేశాక రెండు నిమిషాలకు మళ్లీ చేశాడు. "సార్, ఆ షాపాయనకు ఐదొందలు అడ్వాన్స్ ఇచ్చిన. వాపస్ అడగొచ్చా?"